అతుకు కనపడని మైదానం

కొండ మీద రసమట్టం పెట్టి చూసినవాడు లోకంలో బహుశా అతనొక్కడే.

అదేం పెద్ద కొండ కాదు. జానెడు ఎత్తు. ఫోమ్ షీట్లు చెక్కి, జిగురు పూసి, పైన పచ్చటి పొట్టు చల్లి చేసింది. మేడ మీద గేమ్స్ క్లబ్బు హాల్లో, బల్ల మీద పరిచిన మైదానం మధ్యలో కూర్చుని ఉంది. ఆ మైదానంలో వేలెడంత సైనికులు యుద్ధాలు చేస్తారు. వాళ్ళని ముందుకీ వెనక్కీ జరిపేది మాత్రం పాచికలు వేసే పెద్దపెద్దవాళ్ళు.

అతను కొత్త బల్ల బిగించడానికి వచ్చిన వడ్రంగి. బల్ల బిగించాడు, మట్టం చూసుకున్నాడు, తృప్తి పడ్డాడు. క్లబ్బు వాళ్ళు మైదానాన్ని ముక్కలు ముక్కలుగా తెచ్చి కొత్త బల్ల మీద పరిచారు. చెయ్యి ఊరుకోక అతను మట్టాన్ని కొండ మీద కూడా పెట్టాడు.

"ఏమండీ, కొండ వాలిందా?" అని వెనకనుంచి ఒక గొంతు.

తిరిగి చూశాడు. ఒకమ్మాయి. చేతిలో సన్నటి బ్రష్షు, ముక్కు మీద ఆకుపచ్చ మరక, కళ్ళల్లో నవ్వు ఆపుకుంటున్న కోపం.

"కొంచెం ఎడమకి వాలిందండీ," అన్నాడు నిజాయితీగా.

"కొండలు వాలుతాయండీ. వాలకపోతే వాటిని బల్లలంటారు."

హాల్లో ఉన్నవాళ్ళు నవ్వారు. అతనికి చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి అనకపోతే పరువు దక్కదనిపించి, మైదానం మీద అడ్డంగా నిలువుగా కనిపిస్తున్న గీతలు చూపించాడు. చదరం బోర్డులు పక్కపక్కన పెట్టి పేర్చిన మైదానం కదా, ప్రతి రెండు బోర్డుల మధ్యా ఓ సందు.

"కొండ సంగతి సరేనండీ, మరి ఈ అతుకుల మాటేంటి? పొలాల మధ్యలో ఇంత తిన్నటి గీతలుంటాయా? పైనుంచి చూస్తే గళ్ళ దుప్పటి పరిచినట్టుంది."

ఆమె నవ్వు పోయింది. సరిగ్గా నొప్పి ఉన్నచోటే వేలు పెట్టాడన్నమాట.

"దాంతోనే ఆర్నెల్లనుంచి చస్తున్నాను," అంది మెల్లగా.

ఆ రోజునుంచి క్లబ్బులో అతని పేరు రసమట్టం. ఆమెకి అప్పటికే ఓ పేరుంది, పళ్ళ డాక్టరు. నిజానికి ఆమె డాక్టరు కాదు. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా క్లబ్బులో ఎవరికైనా పన్ను సలిపితే ముందు ఆమె ముందే నోరు తెరుస్తారు.

మైదానానికి గడ్డి కావాలంటే రంపపు పొట్టు కావాలి. రంపపు పొట్టు కావాలంటే వడ్రంగి షాపుకి వెళ్ళాలి. ఊళ్ళో ఇంకో వడ్రంగి షాపు లేదా అంటే, ఉంది. ల్యాబు పక్క సందులోనే ఉంది. ఆమె మాత్రం రెండు వీధులు దాటి రసమట్టం షాపుకే వచ్చేది.

"పొట్టు ఉందా అండీ?"

"మీకోసం జల్లెడ పట్టి ఉంచానండీ. ఇది సన్నది, ఇది మరీ సన్నది."

"అయ్యో, అంత శ్రమెందుకు?"

"శ్రమేముందండీ, ఎలాగూ కింద రాలిపడేదే కదా."

ఆమె వెళ్ళిపోయాక వదిన కౌంటరు వెనకనుంచి తల పైకెత్తింది. షాపులో బిల్లులూ, ఆర్డర్లూ, అన్నదమ్ములిద్దరి గుట్లూ అన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి.

"ఏం మరిదీ, నాకో అనుమానం."

"ఏంటొదినా?"

"పొద్దున్నుంచి ఆ దుంగని కోస్తున్నావు. దాంతో ఎవరికేం చెయ్యాలి?"

అతను దుంగకేసి చూశాడు. కోసి కోసి అది పీటకి కూడా పనికిరాకుండా పోయింది.

"పొట్టు కోసం చెక్క కోసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను," అని వదిన మళ్ళీ బిల్లుల్లో తల దూర్చింది.

వారానికోసారి వచ్చే ఆమె వారానికి మూడుసార్లు రావడం మొదలుపెట్టింది. అతుకు గురించి ఇద్దరికీ ఎడతెగని వాదన. సందు దాచాలంటే అంచులు వెంట్రుక కూడా దూరనంత బిగువుగా కలవాలని అతని పట్టు. అంచులు ఎంత కలిసినా కన్ను పట్టేస్తుందని ఆమె పట్టు.

"మా ల్యాబులో చూడండి. పన్ను చిగురులోంచి వచ్చేచోట తిన్నగా గీత పడిందా, అది కట్టుడు పన్నని వీధి చివరనుంచే తెలిసిపోతుంది. తిన్నటిదాన్ని కన్ను వదలదు. వంకరదాన్ని పట్టించుకోదు."

"అంచు వంకరగా కోస్తే అది పనితనం ఎలా అవుతుందండీ?"

"మీకు చిగుళ్ళ గురించి ఏం తెలుసు?"

"మీకు చెక్క గురించి ఏం తెలుసు?"

ఇలా ఒకరి మాట ఒకరు కొట్టిపారేసుకుంటూ ఇద్దరూ హాయిగా ఉన్నారు. ఆమె అతుకుల మీద చిన్న చిన్న పొదలు పేర్చి చూసింది, కంచెలు పెట్టి చూసింది. పొదలూ కంచెలూ కూడా తిన్నగా బారులు తీరి నిలబడ్డాయి.

అలాంటి ఒక సాయంత్రం వాన పట్టుకుంది. పొట్టు సంచి ఒళ్ళో పెట్టుకుని ఆమె షాపులో స్టూలు మీద చిక్కుకుపోయింది. వాన రేకుల మీద దరువేస్తోంది. గాలికి ఆమె జుట్టు మొహం మీద పడుతోంది. చేతులు ఖాళీగా లేవు కాబట్టి ఉఫ్ అని ఊదుకుంటోంది. అది మళ్ళీ పడుతోంది. ఆమె మళ్ళీ ఊదుకుంటోంది. అతను చిత్రిక పట్టడం మానేసి నిలబడిపోయాడు.

ఆ కాసేపట్లోనే ఆమె అతనికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చెప్పింది. పెద్దమనిషి ఒక్క ముక్క వింటే ఒట్టు. పోనీ, మనమైనా విందాం.

"ఈ క్లబ్బు పెట్టిందే మా తాతయ్యండీ. మోకాళ్ళు పోయాక మేడ మెట్లెక్కలేకపోతున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామంటే, నేనేమన్నా బీరువానా అని కోప్పడ్డాడు. ఏడాదైంది ఆట ఆడి. అందుకే నేనీ బోర్డులు చేస్తున్నది. వచ్చే నెల మొదటి ఆదివారం వీటిని విడదీసి, మెట్లు దింపి, ఆయన గదికి తీసుకెళ్ళి పరచాలి. ఆయన గుమ్మం కూడా ఇరుకే. ఆయనేమో ఇప్పట్నుంచే రోజూ సైనికుల్ని తుడుచుకుంటున్నాడు. వింటున్నారా?"

"ఊఁ," అన్నాడు అతను, ఆమె జుట్టుకేసి చూస్తూ.

"మీరు సాయానికొస్తారా?"

"ఊఁ."

ఆమె మొహం వెలిగిపోయింది. అది చూసి అతని మొహమూ వెలిగిపోయింది. దేనికో మాత్రం అతనికి తెలీదు.

ఇక అతని తెలివితేటలు వినండి. అతనికి తెలిసిందల్లా ఒక్కటే, ఆమెకి అతుకులు కనపడకూడదు. తను చేసిన బల్లేమో శాశ్వతంగా హాల్లోనే ఉంటుంది. మరి మైదానం ఎందుకు విడిపోవాలి? ఆమెకి ఆశ్చర్యం కలిగిద్దామనుకున్నాడు. ఆ మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం తాళం తీయించుకుని హాల్లోకి వెళ్ళాడు. బోర్డుల అంచులన్నిటికీ జిగురు పూశాడు. క్లాంపులతో బిగించాడు. అడుగున చెక్క పట్టీలు అతికించాడు. పైన సందుల్లో పుట్టీ కూరాడు, ఎమిరీ కాగితంతో రుద్దాడు, రంగు వేశాడు, ఆమె పొట్టే చల్లాడు. చేసినంతసేపూ ఈల వేసుకుంటూనే ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె ల్యాబునుంచి వచ్చేసరికి మైదానం మీద దుప్పటి కప్పి ఉంది. పక్కన అతను పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు. క్లబ్బు ప్రెసిడెంటు కూడా ఉన్నారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. తాతయ్యకి పాత శత్రువు. అంటే బల్ల మీద.

దుప్పటి తీశాడు.

ఆమె చూసింది. వంగి చూసింది. గడ్డి మీద వేలు పెట్టి ఈ చివరనుంచి ఆ చివరిదాకా నడిపించింది. ఎక్కడా ఆగలేదు. ఏరు పారుతోంది, బండిబాట వంపు తిరుగుతోంది, కొండ కింద పొలం పొలంలాగే ఉంది. ఆమె పెదాల మీద నవ్వు బయలుదేరింది. ఆ నవ్వు కోసమే కదా అతను జిగురు డబ్బా ఖాళీ చేసింది.

"గీతలేవీ?"

"లేవండీ."

"లేవంటే?"

"పూడ్చేశాను. అడుగునా పట్టీలు వేశాను. ఇక ఏనుగెక్కి తొక్కినా కదలదు."

నవ్వు సగంలో ఆగిపోయింది. "విడదీస్తే?"

"విడదీయడం ఎందుకండీ?"

ఆమె కుర్చీలో కూలబడింది. "రేపు ఆదివారం."

"అవునండీ."

"తాతయ్య."

"ఎవరి తాతయ్య?"

అడక్కుండా ఉండాల్సింది. ఆమె లేచి నిలబడింది.

"నీకు చెప్పాను. నీ షాపులో, నీ స్టూలు మీద కూర్చుని, వానలో అంతసేపూ చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు. సాయానికొస్తావా అంటే దానికీ ఊఁ అన్నావు. ఆయన నిన్ననే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు తెలుసా నీకు? నువ్వసలు విన్నావా?"

 అతనికి చేసిన పాపం తెలిసొచ్చింది, సిగ్గేసింది. ఇంత జరుగుతున్నా, ఆమె మొదటిసారి తనని నువ్వు అన్నదని మనసులో ఏదో మూల ఓ వెధవ గొంతు సంబరపడింది. దాని నోరు నొక్కాడు.

మాస్టారు టేపు తీసి మైదానాన్నీ గుమ్మాన్నీ కొలిచి, పట్టదని తేల్చారు. అది కంటికే తెలుస్తోంది గానీ, లెక్కల మాస్టారు కదా, ఊరుకోలేకపోయారు.

"ఊడదీయలేమా బాబూ?" అన్నారు.

"నేను అతికించింది ఊడదండీ," అన్నాడు అతను. వృత్తి జీవితంలో మొదటిసారి ఆ మాట అనడానికి బాధపడ్డాడు. "కోసెయ్యాలి. రంపం తెస్తాను."

"కొయ్యి," అంది ఆమె నిరాశగా. "రంపం తిన్నంత మేరా సందు పడుతుంది. పుట్టీ పెచ్చులూడుతుంది. మునుపు పచ్చటి గీతలుండేవి, ఇప్పుడు తెల్లటి గీతలుంటాయి. ఏం చేస్తాం, ఆయన చూపు కూడా తగ్గిందిలే."

ఆ చివరి మాట అతనికి తిట్టుకంటే గట్టిగా తగిలింది. మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఒకచోట ఆగాడు.

"మీరన్నారు కదా, తిన్నటిదాన్ని కన్ను వదలదని."

"అన్నాను. నువ్వు కొట్టిపారేశావు."

"పాత గీత మీద కొయ్యకపోతే? పాత అతుకు ఎలాగూ పూడిపోయింది. అదిక లేనట్టే. వేరేచోట కోస్తే?"

"వేరేచోటంటే ఎక్కడ?" అంటూనే ఆమె కూడా లేచి వచ్చింది. మైదానాన్ని చూసింది. వేలు ఏటి మీద పెట్టింది. ఏరు ఈ అంచునుంచి వంకర్లు తిరుగుతూ ఆ అంచుదాకా పోతోంది. "గట్టు వెంబడి," అంది. "నీళ్ళు గట్టుని తాకేచోట ఎలాగూ ఓ నీడగీత ఉంటుంది. అందులో రంపం పోతే ఎవరు చూస్తారు?"

"బండిబాట అంచున ఒకటి."

"కంచె మొదళ్ళ వెంబడి ఒకటి. కొండ పాదం చుట్టూ ఒకటి."

"నా దగ్గర ఈనె పుల్లంత సన్నటి రంపం ఉంది," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కానీ నాకు వంకరగా కొయ్యడం అలవాటు లేదండీ," అని ఒప్పుకున్నాడు.

"నేను గీస్తాను. నువ్వు దాని వెంటే రా. ఆ మట్టం జేబులో పెట్టు."

మాస్టారు టీ తెస్తానని కిందికెళ్ళారు. చాలాసేపు రాలేదు. పెద్దాయనకి లెక్కలే కాదు, ఇంకా చాలా తెలుసు.

ముందు అడుగున పట్టీలు ఉలితో లేపేశాడు. తర్వాత ఆమె పెన్సిలు ముందు, అతని రంపం వెనక. గట్టు తిరిగినచోటల్లా అతను మణికట్టు తిప్పాడు. రాలిన పొట్టు ఆమె ఊదేస్తోంది. అతను కళ్ళు రంపం మీదనుంచి తియ్యలేదు, ఈసారికి బుద్ధొచ్చింది కాబట్టి.

"నిజంగానే ఒక్క ముక్క వినలేదా?" అంది కాసేపటికి. గొంతులో కోపం సగానికి దిగింది.

"లేదండీ."

"మరి ఏం చేస్తున్నావు అంతసేపూ?"

అబద్ధమాడదామనుకున్నాడు. రంపపు చప్పుడులో ఆ రంపమంత సన్నటి అబద్ధం కూడా దొరకలేదు.

"మిమ్మల్ని చూస్తున్నాను. మీ జుట్టు మొహం మీద పడుతోంది. మీరు ఊదుకుంటున్నారు. మళ్ళీ పడుతోంది. మీరేదో ముఖ్యమైంది చెబుతున్నారని తెలుస్తూనే ఉంది. రెండూ ఒకేసారి చెయ్యలేకపోయాను. ఎప్పుడూ ఇంతేనండీ. మీరొస్తే నాకు చెవులు పనిచెయ్యవు. మీరంటే నాకు అంత ఇష్టం."

పెన్సిలు ఆగింది. రంపం కూడా ఆగింది.

 అతను తలెత్తడానికి భయపడి గట్టుకేసే చూస్తూ కూర్చున్నాడు. ఇష్టమని చెప్పినందుకు కాదు భయం. చెప్పింది వినని మనిషితో ఏం వేగుతానని ఆమె అనుకుంటే, అందులో తప్పేమీ లేదు. ఆ సంగతి అతనికి తెలుసు.

"ఒకటి చెబుతాను, విను," అంది. "పాత బోర్డులు ఎటు తిప్పి పెట్టినా ఏదో ఒకదాని పక్కన సరిపోయేవి. వారానికో కొత్త దేశం చేసుకునేవాళ్ళం. ఇప్పుడు నువ్వు కోస్తున్న ముక్కలకి ఆ వీల్లేదు. ప్రతి ముక్కా దాని జోడీ పక్కనే కూర్చుంటుంది. ఇంకెక్కడా కూర్చోదు."

"మాస్టారు తిడతారేమో."

"తిట్టనీ. నాకు ఇదే నచ్చింది," అంది ఆమె. "విన్నావా?"

"విన్నాను."

"ఏమన్నాను?"

"ఇదే నచ్చిందన్నారు."

"సరే, కొయ్యి. ఇక ఆ అండీలు మానెయ్యి. తిట్టేటప్పుడు నేనొక్కదాన్నే నువ్వంటే బాగోదు."

చీకటి పడేలోగా ఆఖరి ముక్క విడిపోయింది. అంచులకి ఆమె మట్టిరంగు పూసింది. మళ్ళీ జోడించి చూశారు. ఏరు ఏరులాగే ఉంది. ఎక్కడ కోశారో తెలిసిన ఇద్దరూ కూడా తడుముకోవాల్సి వచ్చింది.

ఆదివారం పొద్దున వదిన ఇచ్చిన పాత దుప్పట్లలో ముక్కలు చుట్టి, మెట్లు దింపి, తాతయ్య గదికి చేర్చారు. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, కిటికీ గట్టు మీద సైనికుల్ని బారులు తీర్చి ఎదురు చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆలస్యమంటే పడదు.

"ఎవరీ అబ్బాయి?"

"క్లబ్బులో కొత్త బల్ల చేసింది ఈయనే తాతయ్యా."

"మాట్లాడతాడా?"

"వినడమే కొంచెం కష్టం."

ఇద్దరూ తాతయ్య గదిలోని బల్ల మీద ముక్కలు పరిచారు. దేని పక్కన ఏది కూర్చోవాలో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేకుండా చేతులు నడిచాయి. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, బల్ల అంచుకి చెంప ఆనించి ఏటికి అటూ ఇటూ చూశాడు. పొలం చూశాడు. వేలితో గడ్డి నిమిరాడు.

"ఇన్ని ముక్కలు పరిచారే, అతుకులేవీ?" అన్నాడు.

 అతనే చెప్పాడు. జిగురూ, పుట్టీ, పట్టీలూ, రంపమూ, తను వినకపోవడమూ, ఎందుకు వినలేదో కూడా ఏమీ దాచకుండా చెప్పాడు. ఆటకని వెంట వచ్చిన మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

తాతయ్య అంతా విని, "మీ అమ్మమ్మ చెప్పినవాటిల్లో నేను విన్నది సగమే," అన్నాడు మనవరాలితో. "మిగతా సగం ఆవిడ మళ్ళీ చెప్పేది. పాపం, ఓపిక గల మనిషి." ఆయన కళ్ళు కాస్త తడిసి మళ్ళీ మామూలయ్యాయి. "సరే, దీన్ని ఎవరైనా పరచగలరా?"

"ఎవరివల్లా కాదు తాతయ్యా. ఏ ముక్క ఎక్కడో మా ఇద్దరికే తెలుసు."

"అంటే నేను ఆడాలంటే ప్రతి ఆదివారం మీరిద్దరూ కలిసి రావాలన్నమాట."

"రావాలి."

"ఎన్నాళ్ళు?"

ఆమె అతనికేసి చూసింది. ఈసారి అతనికి చెవులు బాగానే పనిచేశాయి.

"మీరు ఒప్పుకుంటే ఎప్పటికీనండీ," అన్నాడు తాతయ్యతో.

"నన్నడుగుతావేంటి? నేను ఆ ఏరు చూసినప్పుడే ఒప్పుకున్నాను. దాన్నడుగు."

"నేను నిన్ననే ఒప్పుకున్నాను," అంది ఆమె, ముక్కు మీద జుట్టు ఊదుకుంటూ. "ఈయనే ఇంకా సరిగ్గా అడగలేదు."

"అడుగుతాడులే, తొందరేముంది," అన్నారు మాస్టారు. "ముందు పాచికలు వెయ్యండి. ఏడాదిగా నా సైన్యం ఎదురుచూస్తోంది."

తాతయ్య పాచికలు వేశాడు. మంచి పందెం పడింది. గుర్రపు దళాన్ని ఒక్కొక్కటిగా రెండు వేళ్ళతో ఎత్తి, ఏటి ఒడ్డుకి తెచ్చి, గట్టు దాటించి అవతలి పొలంలో దింపాడు. సరిగ్గా కోసినచోటే దాటించాడు. ఆ సంగతి ఆయనకి తెలీదు. తెలిసిన ఇద్దరూ బల్లకి ఒకే వైపున కూర్చుని, గుర్రాలన్నీ క్షేమంగా అవతలికి చేరేదాకా చూశారు.